కుసత్సు కొండమీద మూడు రాత్రులు

మా వదినగారికి రెండేండ్లక్రిందట ఎడమరొమ్మున గడ్డ కనబడెను. అది కాన్సరని వైద్యులు తేల్చి, శస్త్రచికిత్స చేసి, ఆ రొమ్మును పూర్తిగా తీసివేసిరి. తరువాతి చికిత్సలన్నియు ముగిసి ఇప్పుడామె యారోగ్యముగనే యున్నారు. కాని పూర్వము కార్తికమాసమున తెల్లవారకమునుపే మమ్ములను లేపి రాజమహేంద్రవరపు గోదావరిరేవునకు తీసికొనిపోయెడి మనిషి, ఆ పిమ్మట రేవు మొగము చూడలేదు. తడిచీర యొడలి కంటుకొన్నప్పుడు ఎవరైన చూతురేమో యని బెంగ. ఇంటిలో సైతము స్నానముచేసి వచ్చునప్పుడు పైట రెండుమడతలుగా కప్పుకొనికాని మా యెదుటికి వచ్చెడివారు కారు. ఈ సంగతి ఆమె యనుమతితోడనే వ్రాయుచున్నాము. "వ్రాయుము గాని పేరు మాత్రము వ్రాయకుము" అనిరి.

ఆమె కుమార్తె, అనగా మా మేనకోడలు, టోకియోలో నొక కంప్యూటరు కంపెనీలో నుద్యోగము చేయుచున్నది. 2024 నవంబరులో మేమిరువురము ఆ పిల్లను చూడబోయితిమి. "అమ్మా, అత్తయ్యా, మిమ్ములను కొండమీది వేడినీటిబుగ్గల యూరికి తీసికొనిపోయెదను" అని యామె ముందుగనే ఫోనులో చెప్పి, బస కుదిర్చి పెట్టినది. వేడినీటిబుగ్గ లనగానే మాకు భద్రాచలముచెంత గుండాలలో గోదావరి యిసుక త్రవ్వగా నూరెడి వేడినీరే మనసున మెదలెను. అక్కడివలెనే నెత్తిన నాలుగు చెంబులు పోసికొని వత్తుమని వదినగారును అనుకొనిరి. జపానుదేశమున స్నానమన నెట్టిదో మా కిరువురకును తెలియదు. తెలిసిన పిల్ల చెప్పలేదు.

బయలుదేరకమునుపు శస్త్రచికిత్స చేసిన వైద్యురాలి నడిగితిమి. చంకలోని గ్రంథులు తీసివేయబడినవారికి ఆ వైపు చేయి వాచు భయము కలదు గనుక మిక్కిలి వేడినీటిలో నుండరాదనియు, వేడి తక్కువగా నున్నచోట కొలదినిమిషములు కూర్చున్నచో బాధ లేదనియు ఆమె చెప్పెను. ఇట్టి చికిత్స పొందిన సోదరీమణులు ఎవరైన నిటువంటి చోట్లకు పోదలచినయెడల తమ వైద్యులను తప్పక అడుగవలెను. అందఱి శరీరస్థితియు నొకటి కాదు.

టోకియోలోని ఉయెనో స్టేషనులో రైలెక్కి, రెండుగంటల పైచిలుకు ప్రయాణముచేసి, నగనొహర-కుసత్సుగుచి యను చిన్నస్టేషనులో దిగి, అచ్చటినుండి బస్సులో కొండ యెక్కితిమి. కుసత్సు యను నీ యూరు గుమ్మా మండలములో సముద్రమట్టమునకు 1,200 మీటర్ల యెత్తున నున్నది. పైన షిరానె యను అగ్నిపర్వతము. అది చల్లారిన కొండ కాదు. 2018 జనవరిలో ఆ కొండలలో ప్రేలుడు కలిగి, మంచుమీద జాఱి యాడుకొను చోట నొక సైనికుడు మరణించెను. ఆ యగ్నియే ఈ యూరికి అన్నము పెట్టుచున్నది.

బస్సు దిగగానే కుళ్లిన కోడిగ్రుడ్ల వాసన వచ్చెను. వదినగారు ముక్కునకు కొంగు అడ్డము పెట్టుకొనిరి. అది గంధకపు వాసన. ఊరి నడుమ "యుబాతకె" అను చోటు కలదు, వేడినీటిపొలమని యర్థము. నిమిషమునకు 4,000 లీటర్లకు పైగా నీరుబికి, ఏడు కొయ్యదోనెలలో బారులు తీరి పారి, కొంత చల్లబడి, చివర జలపాతమై దుముకును. రాత్రివేళ దీపముల వెలుతురులో ఆ యావిరిని చూచిన, పెండ్లివారింట గాడిపొయ్యిమీద నూరిమందికి గంగాళములెక్కించినట్లు తోచెను. దోనెల యడుగున పేరుకొన్న పచ్చనిపొడిని తీసి, ఎండబెట్టి, పొట్లములు కట్టి యమ్ముదురు. ఇంటిలో స్నానపునీటిలో కలుపుకొనుటకు. ఎనిమిదవ తొకుగవ షోగనయిన యొషిమునె ఈ నీటిని పీపాలలో ఎదో నగరమునకు, అనగా నేటి టోకియోకు, మోయించుకొనెనట. ఊరిలోని బుగ్గలన్నియు కలిసి నిమిషమునకు 32,000 లీటర్లకు మించి నీటిని విడుచును. మోటారు పెట్టి తోడకుండ ఇంత వేడినీరు దానంతట తానే పుట్టు చోటు జపానులో మఱియొకటి లేదు.

ఆ నీరు నిమ్మరసమంత పులుపు. అందులో వేసిన ఇనుపమేకు కొన్నిదినములకు సూదివలె సన్నబడును. ఊరు దాటి పోవు యేటిలో పూర్వము చేప బ్రతుకలేదు, సిమెంటుకట్టడము నిలువలేదు. 1964 మొదలు ఆ యేటిలో రేయింబవళ్లు సున్నపురాతిపొడి కలిపిన నీరుపోసి పులుపు విఱుచుచున్నారు. పులుసులో పులుపెక్కువయిన మనము బెల్లము వేయుదుము; వీరు ఏటికే సున్నము వేయుచున్నారు గదా యని నవ్వుకొంటిమి. 1876లో జపానునకు వచ్చిన ఎర్విన్ బెల్జ్ అను జర్మను వైద్యుడు ఈ నీటిని, ఈ కొండగాలిని మెచ్చుకొని పాశ్చాత్యులకు తెలియజేసెను. ఆయన విగ్రహము ఊరిలో నున్నది.

మా బస పాతకాలపు కొయ్యయిల్లు. గడపయొద్దనే చెప్పులు విడువవలెను. ఈ యొక్క యాచారము చూచి వదినగారికి ప్రాణము లేచి వచ్చినది. లోపల "ఒకామి" మోకాళ్లపై కూర్చుండి, నేలకు వంగి నమస్కరించెను. ఒకామి యనగా నిట్టి బసకు యజమానురాలు. అతిథి నెదుర్కొనుట మొదలు ఏ గదిలో నే పువ్వు పెట్టవలెను, ఎవరికే భోజనము, పనివారి తగవులేమి, అన్నియు నామె చూచుకొనవలసినవే. ఆమె తరువాత సాధారణముగా కోడలో కూతురో ఆ స్థానమునకు వచ్చును. ఆ వచ్చెడి పిల్లను చిన్న ఒకామి యని పిలుతురు. మన యిండ్లలో అత్తగారు కోడలికి బీరువా తాళపుచెవు లిచ్చునట్లే. అయితే ఇక్కడ తాళపుచెవులతో నొక వ్యాపారమంతయు చేతికి వచ్చును. మా ఒకామికి డెబ్బదియేండ్లుండును. నలువదియేండ్ల కోడలు ఆమెవెనుక నిలిచి యుండెను. అత్త మాటాడునప్పుడు కోడలు మాటాడలేదు. అత్త లోపలికి పోయినతోడనే గలగల మాటాడసాగెను. ఈ సంగతిలోను మాకు పరదేశము కనబడలేదు.

గదిలో నేలనిండ చాపలేకాని కుర్చీలు మంచములు లేవు. రాత్రికి పనిమనిషి వచ్చి పరుపులు పఱచును. ధరించుటకు "యుకత" అను నూలుబట్ట యిచ్చిరి. దాని కుడియంచు లోపలికిని ఎడమయంచు పైకిని రావలెను. మేము తెలియక తారుమారుగా కట్టుకొనగా చిన్న ఒకామి నోటికి చేయి అడ్డము పెట్టుకొని, పరుగున వచ్చి సవరించెను. శవమునకు మాత్రమే అట్లు కట్టుదురట!

ఇక భోజనము. మేము శాకాహారులము. జపానువారి పులుసులలోను కూరలలోను ఎండుచేపల కషాయము పడును. వట్టి కూరగాయ యని పెట్టినదికూడ ఆ నీటిలో నుడికినదే యగును. మేనకోడలు మొదట ఫోను చేసిన బసవారు తమవలన కాదనిరి. ఈ ఒకామి మాత్రము రెండుదినములు గడువడిగి, సరే యనెను. సముద్రపునాచుతోను ఎండిన పుట్టగొడుగులతోను కషాయము కాచి వంటచేయించెను. సోయాపాల జున్ను, కొండకూరలు, ఊరగాయలు, అన్నము. వానితో "కొన్న్యాకు" అను బూడిదరంగు ముద్ద. గుమ్మా మండలము దానికి ప్రసిద్ధి. అది మన కందకు దాయాదియగు దుంపతో చేయునది. గట్టిపడుటకును దురద పోవుటకును సున్నపునీటితో నుడికింతురు. కందకు చింతపండు వేసెడి మనకు ఆ కిటుకు వేఱుగ చెప్పనక్కరలేదు. కాని కందబచ్చలి యెఱిగిన నాలుకకు అది చప్పగానే యుండెను. ఆవిరికుడుమువంటి "మంజు"లోని పూర్ణము మాత్రము మన బొబ్బట్టుపూర్ణమునకు చెల్లెలు. చెఱి నాలుగు తింటిమి. వదినగారు ఆవకాయసీసా తీసి ఒకామికి రుచి చూపిరి. ఆమె కన్నీళ్లు తుడుచుకొనుచు మంచిదనెను.

భోజనమునకు ముందే స్నానము చేయుట అచ్చటి పద్ధతి. మేమే దానిని వెనుకకు నెట్టితిమి. ఏలనన పద్ధతి యేమో అప్పటికి మాకు తెలిసినది. స్త్రీలకు ఎఱ్ఱతెర, పురుషులకు నీలితెర. లోపల బట్టలన్నియు విప్పి బుట్టలో పెట్టి, చిన్నపీటమీద కూర్చుండి, సబ్బుతో నొడలు తోముకొని, నురుగు పూర్తిగా కడిగికొనినపిమ్మటనే తొట్టిలో దిగవలెను. తొట్టి మురికి వదలించుకొనుటకు కాదు, నానుటకు. జుట్టు నీటిని తాకరాదు. చేతిగుడ్డ ముంచరాదు, మడిచి నెత్తిన పెట్టుకొందురు. తొట్టి అందఱకు నొకటే. ఒంటిమీద నూలుపోగు ఉండరాదు.

వదినగారి మొగము వెలవెలబోయెను. "ఏమే, ఈ మాట ముందు చెప్పవేమి?" అని కూతును గద్దించిరి.

"చెప్పిన నీవు వత్తువా, అమ్మా?" అనెను ఆ పిల్ల.

మాకును సిగ్గుగనే యుండెను. అయినను ఒకమాట చెప్పవలెను. గోదావరిరేవులో మనము మగవారి యెదుటను పడవవాండ్ర యెదుటను మునుగుదుము. చీర యుండును గనుక తప్పులేదందుము. వారు పరపురుషుడు తొంగిచూడరాని గోడలనడుమ ఆడువారి యెదుట మాత్రమే బట్ట విడుతురు. ఎవరి సిగ్గు గొప్పదని యడిగినచో మేము జవాబు చెప్పలేము.

చిక్కు అంతటితో తీరలేదు. గంధకమువలన వెండి నల్లబడునని చిన్న ఒకామి హెచ్చరించెను. అనగా మా మెట్టెలు. ముత్యము, పగడము సున్నపుజాతివి గనుక ఆ పులుపునకు కరగి మెఱుగు పోవును. వదినగారి పుస్తెలత్రాట రెండునున్నవి. "శస్త్రచికిత్సనాడు ఒకసారి విప్పించిరి. మరల విప్పనని అప్పుడే అనుకొంటిని" అని యామె గదికి మరలిపోయిరి. ఆ రాత్రి మేమును మేనకోడలును మాత్రమే దిగితిమి. మెట్టెలు తీయుటకు మాకును చేయి రాలేదు.

నీరు మొదట చురుక్కుమనెను. ఎక్కడ గీతపడియున్నదో, ఎక్కడ గోరు గిల్లుకొంటిమో, అక్కడ మంట పుట్టెను. కంటిలో పడిన కన్ను తెరువలేము. ఒక నిమిషమునకు ఎముకలలోని చలి కరగినట్లయ్యెను. పది నిమిషములకే గుండె దడదడ కొట్టుకొనగా గట్టునకు వచ్చితిమి. ఆ రాత్రివలె నిద్రించి యెన్నియేండ్లయ్యెనో! వదినగారు మాత్రము ఒత్తిగిలుచునే యుండిరి.

మరునాటి యుదయమున చిన్న ఒకామి మేనకోడలిని ప్రక్కకు పిలిచి, అమ్మగారికి ఒంటిలో బాగులేదా యని మెల్లగా నడిగెను. పిల్ల ఉన్నమాట చెప్పినది. ఆమె ఏమియు ననక లోపలికి పోయి, మడిచిన సన్నని బట్ట యొకటి తెచ్చి యిచ్చెను. రొమ్మునకు శస్త్రచికిత్స జరిగిన స్త్రీలకొఱకే కుట్టించిన స్నానవస్త్రమది. ముందువైపు కప్పి, వీపున కట్టుకొనునది. నీరు తేలికగా దిగిపోవును. నీటిలో దిగకముందు సబ్బునురుగు లేకుండ కడిగికొనినయెడల దీనిని ధరించి దిగుటవలన శుభ్రతకు లోటు లేదని అచ్చటి ప్రభుత్వ ఆరోగ్యశాఖయే తెలిపియున్నది. అట్టి వస్త్రమొకటి కలదని మాకు తెలియదు. వదినగారు దానిని చేతితో తాకి చూచి, చాపమీద పెట్టి, "చూతములే" అనిరి.

ఆ పగలు ఊరు చూడబోయితిమి. ఒక శాలలో స్త్రీలు వరుసగ నిలిచి, ఆరడుగుల పలకలతో వేడినీటిని త్రిప్పుచు, పాటపాడుచు చల్లార్చుచున్నారు. చన్నీళ్లు పోసిన గుణము పలుచనగునని ఈ యుపాయము. పూర్వము రోగులు ఇట్లు చల్లార్చిన నీటిలోనే, అదియు 47, 48 డిగ్రీల వేడిమీద, నాయకుని యాజ్ఞకు లోబడి సరిగా మూడు నిమిషములు మునిగెడివారు. వీరు ఎవరు? వారిలో కుష్ఠురోగులు పెక్కండ్రు. పుండ్లు మానునని జపాను నలుమూలలనుండి వారు ఈ యూరికి వచ్చిరి.

ఈ కథ మేనకోడలికి నంతగా తెలియదు. మాకు చెప్పినది ఒకామియే. మమ్ములను చూచిరమ్మని ఊరిచివరనున్న ప్రదర్శనశాలకు పంపినదియు ఆమెయే. 1887లో ఊరివారు ఆ రోగులను నడిబొడ్డునుండి తొలగించి, దిగువనున్న యునోసవ యనుచోట వేఱుగ నుంచిరి. వారచ్చట తమ దుకాణములు, తమ బసలు పెట్టుకొని, తమ పాలన తామే చేసికొనిరి. 1916లో మేరీ కార్న్‌వాల్ లీ అను ఇంగ్లీషుస్త్రీ, అరువదికి దగ్గఱపడిన వయస్సున, వారినడుమకు వచ్చి, తన సొంతసొమ్ము వెచ్చించి, ఆసుపత్రియు ఇండ్లును కట్టించెను. (అంతకు ఒక యేడు ముందే మన నిజామాబాదుచెంత డిచ్‌పల్లిలో ఇసాబెల్ కెర్ అను వైద్యురాలు కుష్ఠురోగుల యాసుపత్రి ప్రారంభించినది. ఈ యిరువుర పేర్లు మన పిల్లల పుస్తకములలో కనబడవు.) 1932లో కుసత్సులో ప్రభుత్వమువారి చికిత్సాలయము వెలసెను. పేరునకు చికిత్సాలయము, వచ్చినవారు తిరిగి పోవుటకు వీలులేదు. యునోసవను కొంతకాలమునకు ఎత్తివేసిరి.

ఆ చికిత్సాలయపు ఆవరణలోనే 1938 నుండి 1947 వఱకు నొక చెఱసాల యుండెను. ఎదురుమాటాడిన రోగులను, పారిపోజూచిన రోగులను దేశములోని యితర చికిత్సాలయములనుండి గూడ తెచ్చి యందులో నుంచిరి. న్యాయస్థానము లేదు, విచారణ లేదు. ఆ కొండమీది శీతకాలమున అందులో నిప్పుకుంపటి లేదు. 93 మందిని పెట్టగా 23 మంది చనిపోయిరి. 2014లో తెఱచిన ఆ ప్రదర్శనశాలలో అట్టి గది నొకదానిని తిరిగి కట్టి చూపుచున్నారు. వంగి లోనికి పోవలెను. వెలుతురు రావలసినచోట నొక చిన్నసందు. చికిత్సాలయములలో నున్నవారు పెక్కండ్రు తమ యసలుపేర్లు విడిచి, మాఱుపేర్లతో బ్రతికిరట. ఇంటివారికి తలవంపులు రాకుండుటకు. ఈ మాట మేనకోడలు చదివి చెప్పుచుండగా వదినగారు ఆ గదినుండి వెంటనే రాలేదు. మేము వెలుపల చలిలో నిలిచి యుంటిమి.

రోగము మందులతో నయమగుచున్నను, నిర్బంధపు చట్టమును 1996లోగాని తీసివేయలేదు. 2001లో కుమమొతొ న్యాయస్థానము ఆ చట్టము రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పెను. ఆ తరువాతకూడ, 2003లో, క్యూషూ దీవిలో వేడినీటిబుగ్గలయొద్దనున్న హోటలు ఒకటి, నయమై యెన్నో యేండ్లయిన ముదుసలులకు గది యిచ్చుటకు నిరాకరించెను. ఇతర యతిథులకు కష్టముగా నుండునని. ఒకామి ఈ మాట చెప్పుచు తన బసగడపవైపు చూచెను. ఏమనుకొనెనో మేమడుగలేదు.

సాయంకాలము దీపము పెట్టువేళ వదినగారు కూతును పిలిచి, "ఆ గుడ్డ యెక్కడ పెట్టితివి?" అనిరి.

పుస్తెలత్రాడు విప్పి, కన్నుల కద్దుకొని, మా చేతి కిచ్చిరి. మేము దానిని రుమాలులో కట్టి గదిలో భద్రపఱచితిమి. స్నానపుగదిలో ఆమె గోడవైపు తిరిగి యొడలు కడిగికొని, ఆ వస్త్రము కట్టుకొనిరి. వీపున ముడి మేము వేసితిమి. రెండేండ్లలో ఆమె మమ్ములను అంత దగ్గఱకు రానిచ్చుట అదే మొదలు.

వెలుపలి తొట్టిలో నలుగురైదుగురు స్త్రీలుండిరి. వారిలో నొక ముసలామె తల యెత్తి వదినగారివైపు చూచెను. మా గుండె జల్లుమనెను. ఆమె చేయి యూపుచు గట్టిగా నేదో యనెను. మేనకోడలు నవ్వుచు చెప్పినది: "అక్కడ బుగ్గనీరు పడునట, కాలునట; ఇటు తనప్రక్కకు రమ్మనుచున్నది." ముసలామె జరిగి చోటిచ్చెను. ఏ యూరని యడిగెను. ఇండియా యనగా, అంతదూరమునుండియా యని ఆశ్చర్యపడి, తన మోకాళ్లనొప్పుల సంగతి చెప్ప మొదలుపెట్టెను. వదినగారికి జపానుభాష రాదు. అయినను మోకాళ్లనొప్పులు ఆమెకును కలవు గనుక ఇరువురకును బాగుగనే సాగెను. సన్నగా మంచు పడజొచ్చెను. మేము గడియారము చూచుచు, వైద్యురాలు చెప్పినట్లు అయిదు నిమిషములకే లెమ్మంటిమి. "ఇంకొక్క నిమిషము" అనిరి.

మరునాడు ఇంకను చీకటిగా నుండగనే ఎవరో మా భుజము తట్టిరి. కన్ను తెఱచితిమి. వదినగారు యుకత కట్టుకొని, సరిగా ఎడమయంచు పైకి కట్టుకొని, నిలిచి యున్నారు. "కార్తికమాసము గదా, లెండు" అనిరి.

నాలుగవనాడు బయలుదేరితిమి. ఒకామియు కోడలును గుమ్మమునకు వెలుపల నిలిచి, మా టాక్సీ మలుపు తిరుగువఱకు చేతులూపుచునే యుండిరి. స్నానవస్త్రమునకు వెల యియ్యబోగా తీసికొనలేదు. వదినగారు మిగిలిన ఆవకాయసీసా ఆమెకు విడిచి వచ్చిరి. మా మెట్టెలు మాత్రము నల్లబడినవి. ఇంటికి వచ్చి చింతపండుతో తోమినను నలుపు పూర్తిగ పోలేదు. కంసాలికి ఇయ్యవలసి వచ్చెను.